ఏటి ఒడ్డుకు కాపలా ఎవరు?

సంక్రాంతి సంబరం ముగిసే వేళకు, కనుమనాడు, నెల్లూరు ఊరు ఊరంతా పెన్నలోకి దిగుతుంది. రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథస్వామి గుడి వెనక రేవు మొదలుకొని ఇసుక మీద ఎటు చూసినా జనమే. పండుగ నెలంతా ముంగిళ్లలో పెట్టిన గొబ్బెమ్మలను ఆడవాళ్లు తెచ్చి ఏట్లో కలుపుతారు. ఊళ్లోని గుళ్ల నుంచి ఉత్సవమూర్తులు ఇసుకలోకి తరలివస్తారు. బొమ్మల అంగళ్లు, చుట్టాల పలకరింపులు, పిల్లల పరుగులు. దీనికి ఏటి పండుగ అని పేరు. దీన్ని ఏ పర్యాటక శాఖా కనిపెట్టలేదు, ఏ కన్సల్టెన్సీ సంస్థా గీసి ఇవ్వలేదు. నదిని నలుగురూ కలుసుకునే చోటుగా వాడుకోవడం నెల్లూరికి ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదని చెప్పడానికి ఈ ఒక్క పండుగ చాలు.

చిక్కంతా మర్నాటి నుంచి. పండుగ కోసం చదును చేసిన దారి, కొట్టించిన చిల్లచెట్లు, కట్టిన లైట్లు ఆ పూటతో సరి. ఆ తర్వాత ఏడాది పొడుగునా అదే ఒడ్డున ఎవరు ఏం పారబోస్తున్నారు, రాత్రిళ్లు ఎన్ని ట్రాక్టర్ల ఇసుక తోలుతున్నారు అని అడిగే దిక్కుండదు. ఊరి మురుగుకు మాత్రం సెలవు లేదు, రోజూ వచ్చి ఏట్లో కలుస్తుంది. పెన్న ఒడ్డున నడకదారి, పార్కు, బోటు షికారు అంటూ అప్పుడప్పుడు మాటలు వినబడుతుంటాయి. అవి వచ్చినప్పుడల్లా చర్చ కోట్ల లెక్క దగ్గరే ఆగిపోతుంది. కట్టాక దాన్ని చూసుకునేదెవరన్న ప్రశ్న దాకా పోదు. నిజానికి ముందు తేలాల్సింది అదే. రోజూ వచ్చే జనం లేని ఒడ్డును ఏ కట్టడమూ కాపాడలేదు. రోజూ వచ్చేవాళ్లకు అడిగే హక్కు లేకపోతే ఆ జనమూ నిలవరు.

పెన్నకు ఒక లోటు ఉంది. పన్నెండేళ్లకోసారి పుష్కరం వచ్చే పన్నెండు నదుల వరసలో దానికి చోటు లేదు. 2015లో గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరంలో, 2016లో కృష్ణా పుష్కరాలకు విజయవాడలో ఘాట్లు కొత్త రూపు దిద్దుకున్నాయి. పుష్కరాలు పోయినా ఘాట్లు మిగిలాయి, సాయంత్రాలు జనం వచ్చి కూర్చుంటున్నారు. రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్ దగ్గర స్థానిక ధార్మిక ట్రస్టు ఒకటి పూనుకుని గోదావరికి నిత్యహారతి నడిపింది. 2025 జూన్‌లో అక్కడే 94 కోట్ల పైచిలుకు రూపాయలతో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెనకూ అందులో మోక్షం దొరుకుతుందంటున్నారు. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి అనంతపురం, కడప సీమలు దాటి 597 కిలోమీటర్లు నడిచి, దాదాపు 55 వేల చదరపు కిలోమీటర్ల నేల నీటిని మోసుకొచ్చే పెన్నకు, కనీసం పన్నెండేళ్లకోసారైనా ఖజానాకు గుర్తొచ్చే ఏర్పాటు లేదు.

ఒకందుకు ఇది మేలే అనుకోవాలి. పుష్కర నిధులకు గడువు ముంచుకొస్తుంటుంది. గడువులోగా కనబడే పని సిమెంటు మెట్లు. కనబడని పని మురుగు మళ్లింపు. మొదటిది పూర్తవుతుంది, రెండోది తర్వాతి పుష్కరానికి వాయిదా పడుతుంది. పెన్నకు ఆ తొందర లేదు కనుక వరస సరిగ్గా ఎంచుకునే వీలుంది.

ఎంచుకోవడానికి నమూనా కూడా నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ఇందుకూరుపేట దగ్గరి పల్లిపాడులో, పెన్న ఒడ్డున, పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నిలబెట్టారు. స్థలం సమకూర్చడంలో పొణకా కనకమ్మ పాత్ర ఉంది. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి ఆప్తుడైన రుస్తుంజీ ఇచ్చిన పది వేల రూపాయల విరాళంతో కట్టడం లేచింది. గాంధీజీ సబర్మతి ఆశ్రమం తరహాలో వెలసింది కనుక దీనికి రెండో సబర్మతి అని పేరు. కొన్ని దశాబ్దాలు పాడుబడి ఉన్న ఈ ఆశ్రమాన్ని రెడ్‌క్రాస్ సొసైటీ నెల్లూరు శాఖ చేతుల్లోకి తీసుకుని మళ్లీ నిలబెట్టింది. పెన్న పొడుగునా ఒక స్వచ్ఛంద సంస్థ ఒడ్డున ఒక చోటును పట్టుకుని విడవకుండా చూసుకున్న ఉదాహరణ చెప్పమంటే ముందు చెప్పాల్సింది ఇదే. నెల్లూరు బడిపిల్లల్లో ఎంతమంది ఆ ఆశ్రమం చూశారో ఉపాధ్యాయులు ఒకసారి అడిగి చూడాలి.

ఇక మొదటి సబర్మతి సంగతి. దేశంలో ఏ నగరం రివర్‌ఫ్రంట్ అన్నా అందరూ చూపించేది అహ్మదాబాద్‌నే. 1997లో అందుకోసం ప్రత్యేక కంపెనీ పెట్టారు. 2012లో నడకదారులు జనానికి తెరిచారు. రెండు గట్లా పదకొండు కిలోమీటర్లకు పైగా గోడలు, దారులు, తోటలు. సాయంత్రం అక్కడికి వెళ్లినవాళ్లు సంతోషంగానే తిరిగొస్తారు, అందులో అబద్ధం లేదు. అయితే అక్కడ నిండుగా కనబడే నీళ్లు చాలామటుకు నర్మద కాలువ నుంచి తెచ్చి వాస్నా బరాజ్‌తో నిలబెట్టినవి. ఆ బరాజ్ దిగువకు పోతే నగరపు మురుగు, ఫ్యాక్టరీల మురుగు. పరిస్థితి ఎంత దిగజారిందంటే 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టాల్సి వచ్చింది. నది ఒడ్డున బతికిన వేలాది పేద కుటుంబాలు ఊరి పొలిమేరలకు తరలిపోయాయి. ఒడ్డు అందంగా తయారైంది గానీ ఒడ్డుతో బతికినవాళ్లకు ఒడ్డు లేకుండా పోయింది.

ఇది మనకెందుకంటే, నెల్లూరికి కూడా ఇప్పుడు అదే రకం ఊరింపు ఎదురుగా ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు పాత ఆనకట్టల స్థానంలో సంగం బరాజ్, నెల్లూరు బరాజ్ 2022 సెప్టెంబర్ 6న ఒకే రోజు ప్రారంభమయ్యాయి. గేట్లు దించితే ఊరి పక్కన నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిస్తే బోట్లు గుర్తొస్తాయి, బోట్ల వెంట హోటళ్లు గుర్తొస్తాయి. తప్పేమీ లేదు. కానీ గేట్లకు ఎగువన కనబడే నీళ్లను చూసి మురిసిపోతూ దిగువన సముద్రం దాకా ఉన్న ఏటిని మరచిపోతే, సబర్మతి కథే పెన్నలోనూ నడుస్తుంది. అక్కడైతే నర్మద నుంచి నీళ్లు తెచ్చారు. మనకు అలా తెచ్చుకునే వీలు లేదు. ఎగువన సోమశిల జలాశయంలో ఉన్నవే నీళ్లు, అందులోనూ చెన్నై తాగునీటి వాటా, ఆయకట్టు వాటా పోగా మిగిలినవి.

పెన్నను నీళ్ల నదిగా ఊహించుకోవడం దగ్గరే సగం ప్రణాళికలు దారి తప్పుతాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇది ఇసుక నది. వాన మనకు ముఖ్యంగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఎండాకాలానికి ఏట్లో అక్కడక్కడా పాయలు, మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుకునే తెల్లటి మైదానాలు. ఈ ఇసుకను ఖాళీ జాగా అనుకోవడం పట్నవాసపు అమాయకత్వం. వరద నీటిని పీల్చుకుని చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోకి పంపేది ఇసుకే. ఏట్లో చెలమ తవ్వుకుని తాగిన తరం ఇంకా బతికే ఉంది. నెల్లూరు తాగునీటి బావులు చాలాకాలం ఈ ఇసుక కడుపులోంచే నీళ్లు తోడాయి. కాబట్టి పెన్న ఒడ్డున షికారు చోటు అంటే సగానికి సగం ఇసుకతిన్నెల మీద నడక అనే అర్థం. ఆ ఇసుకే లేకపోతే నడకదారి వేసి లాభం లేదు.

ఇసుక తవ్వకానికి చట్టాలు లేక కాదు. రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం ఉంది. చిన్న ఖనిజాలకూ పర్యావరణ అనుమతి కావాల్సిందేనని 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016లోనూ 2020లోనూ కేంద్రం ఇసుక తవ్వకం, నిఘా మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఇసుక విధానమూ మారింది. మారనిది ఒకటే, ఇసుక రీచ్‌లో ఎంత లోతు తవ్వారో కొలిచే మనిషి ఒడ్డున లేకపోవడం. వంతెన స్తంభాల దగ్గరా తాగునీటి బావుల దగ్గరా తవ్వితే ఏమవుతుందో ఇంజినీర్లు చెప్పగలరు. తవ్విన గుంటల్లో నీళ్లు చేరి, పైకి ఇసుక సమంగా కనబడే చోట ఈతకు దిగిన పిల్లలు మునిగిపోయిన వార్తలు పేపర్ల లోపలి పేజీల్లో వస్తుంటాయి. ఏటిని షికారు చోటు చేస్తామన్నవాళ్లు మొదట జవాబు చెప్పాల్సింది ఈ గుంటల గురించి. ఏ భాగంలో తవ్వకం పూర్తిగా నిషేధమో బోర్డు పెట్టి, హద్దురాళ్లు పాతి, ఏటా వరద తగ్గాక ఇసుక మట్టం కొలిచి జనానికి చెప్పడం బోటు కొనడం కంటే చాలా చవక.

ఇసుక ఒక నిజమైతే, రెండో నిజం వరద. 2021 నవంబర్‌లో పెన్న ఉపనది చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదలాల్సి వచ్చింది. నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి కోతకు గురై రాకపోకలు తెగిపోయాయి. నెల్లూరులో పొర్లుకట్ట పక్క కాలనీలు నీట మునిగాయి. ఆ జ్ఞాపకంతో పొర్లుకట్టలు పెంచాలి, రక్షణ గోడ కట్టాలి అని జనం అడగడం న్యాయమే. గోడ ఏం చేయగలదో విజయవాడ చూపించింది. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బరాజ్ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ వరదను కృష్ణలంక రక్షణ గోడ ఆపింది. అదే గోడ పక్కన పార్కు కూడా వచ్చింది. నెల్లూరుకు కావాల్సిందీ అటువంటిదే, గోడతో పాటే మెట్లు. మెట్లు లేని గోడ వరదను ఆపుతుంది, దాంతోపాటు మనిషినీ ఆపుతుంది. ఏరు కనబడనివాళ్లు ఏటి గురించి ఎందుకు పట్టించుకుంటారు?

వరద తోవ నదిది. ఆ మాట చెప్పే చట్టం మనకు 1884 నుంచీ ఉంది. నదీ పరిరక్షణ చట్టమని పేరు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది. నది గర్భాన్నీ అంచులనూ సర్వే చేసి, హద్దులు ప్రకటించి, ఆక్రమణలూ అడ్డుకట్టలూ రాకుండా చూసే అధికారం దాని కింద ప్రభుత్వానికి ఉంది. ఏటి అంచున కొత్తగా ఏం కట్టాలన్నా, అది పార్కు గోడ అయినా సరే, ముందు ఆ హద్దుల పటం జనం ముందుకు రావాలి. హద్దు తేలకుండా ఒడ్డు సుందరీకరణ మొదలుపెడితే పేదవాడి గుడిసె ఆక్రమణ అవుతుంది, పెద్దవాడి కల్యాణమంటపం అభివృద్ధి అవుతుంది.

ఇంత దాకా ప్రభుత్వం మాట. జనం మాటకు వస్తే, అమెరికాలో బోస్టన్ పక్కన పారే ఛార్లెస్ నది కథ చెప్పుకోవాలి. అది అర్ధశతాబ్దం పాటు ఈతకు పనికిరాని నది. 1965లో స్థానికులు దాని కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. గోడలు కట్టించమని అడగడం కంటే నీళ్లలో ఏముందో చెప్పమని అడగడం మీదే వాళ్ల పట్టు. వలంటీర్లు నెలనెలా, ఎంచుకున్న చోట్ల, తెల్లవారుజామున సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపుతారు. ఆ లెక్కల ఆధారంగా 1995 నుంచి కేంద్ర పర్యావరణ సంస్థ ఏటా ఆ నదికి బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డు లాగా గ్రేడు వేయడం మొదలుపెట్టింది. మొదటి ఏడు వచ్చింది డి. ఆ అక్షరం పేపర్లలో పడేసరికి మేయర్లకు నిద్ర పట్టలేదు. ఏ గొట్టంలోంచి ఎవరి మురుగు వస్తోందో వెతికారు, వానకాలువల్లో దొంగచాటుగా కలిపిన మరుగుదొడ్ల గొట్టాలు మూశారు. గ్రేడు ఒక్కో మెట్టూ ఎక్కింది. 2013లో, ఐదు దశాబ్దాల తర్వాత, జనం మళ్లీ అనుమతితో ఆ నదిలో ఈదారు. పారిస్‌లో సేన్ నది కథా ఇదే దారి. 1923లో పెట్టిన ఈత నిషేధాన్ని దాటి 2025 జూలైలో జనానికి రేవులు తెరిచారు. దాని వెనక ఉన్నది మురుగు గొట్టాల మీద పెట్టిన ఖర్చు.

నెల్లూరులో ఇది కుదరదా? స్నానానికి నది నీళ్లు పనికొస్తాయా లేదా అన్నదానికి మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలత కష్టమైనదేమీ కాదు. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ ఐదు మిల్లీగ్రాములకు తగ్గకూడదు, సేంద్రియ కాలుష్యాన్ని చూపే బీఓడీ మూడు మిల్లీగ్రాములు మించకూడదు, వంద మిల్లీలీటర్లలో మలసంబంధ కోలిఫాం 500 లోపుంటే మంచిది, 2500 దాటితే దిగకూడదు. ఊళ్లో డిగ్రీ కాలేజీలున్నాయి, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, కెమిస్ట్రీ ల్యాబులున్నాయి. జొన్నవాడ కామాక్షమ్మ రేవు, రంగనాథుడి రేవు, బరాజ్ దిగువ, పల్లిపాడు, ఊటుకూరు దగ్గర ముఖద్వారం. ఈ ఐదు చోట్ల నెలకోసారి నీళ్లు పట్టి, ఫలితాన్ని రేవులోనే ఒక నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిపెడితే చాలు. యాప్ అక్కర్లేదు. 2018లో కేంద్ర మండలి ప్రకటించిన కలుషిత నదుల జాబితాలో రాష్ట్రం నుంచి చేరిన ఐదింటిలో కుందూ ఒకటి. అది పెన్నకు ఉపనదే. పైనుంచి ఏం వస్తోందో, మన ఊరు ఏం కలుపుతోందో విడదీసి చెప్పగలిగితే దోషం ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆట ఆగుతుంది. భూగర్భ డ్రైనేజీ పనులు నెల్లూరులో ఏళ్ల తరబడి సాగుతున్నాయి. అవి ఎంతవరకు పనికొచ్చాయో చెప్పే గీటురాయి రేవులోని నీళ్లే.

జనం సంఘటితం కావడం గురించి నెల్లూరు జిల్లాకు పాఠం చెప్పబోతే నవ్వుతారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబర్‌కు సారా నిషేధాన్ని తెచ్చింది. ఆ కథలో మనం తరచుగా మరచిపోయే భాగం ఒకటుంది. అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా సాయంత్రాలు చదువు కోసం ఆ ఆడవాళ్లు ఒకచోట కూడేవారు. చదువు పేరిట రోజూ కలిసినవాళ్లు సారా గురించి మాట్లాడుకున్నారు, మాటలే తర్వాత పోరాటమయ్యాయి. ఏటి ఒడ్డున కూడా ముందు కావాల్సింది నలుగురు రోజూ కలిసే వీలే. ఉదయం నడక, సాయంత్రం ఆట, ఆదివారం బడిపిల్లల పక్షుల వేట, అదీ కళ్లతోనే. వంద మంది రోజూ నడిచే ఒడ్డున చెత్త ట్రాక్టర్ దింపడానికి ఎవరికైనా ఒకింత జంకు ఉంటుంది.

వాడుకునేవాళ్లే కాపలాదార్లవుతారనడానికి ఇంకా దగ్గరి సాక్ష్యం నేలపట్టు. దొరవారిసత్రం దగ్గరి ఆ చెరువును 1976లో పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించడానికి ఎంతో ముందు నుంచీ ఊరివాళ్లు పక్షులను కాచుకున్నారు. గూడబాతులు, నత్తగుల్లకొంగలు కడప చెట్ల మీద గూళ్లు కట్టి రాల్చే రెట్టతో చెరువు నీళ్లు సత్తువగా మారి, ఆ నీళ్లు పారిన పొలం బాగా పండుతుందని రైతు లెక్క. ప్రేమ, లాభం రెండూ కలిశాయి గనుకే ఆ కాపలా తరాలు నిలిచింది. 2001 నుంచి సూళ్లూరుపేటలో జరిపే ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వచ్చే జనం పక్షులకు మంచి ప్రచారమే. అయినా పక్షుల ప్రాణం నిలిపేది ఆ మూడు రోజుల వేదిక కాదు, మిగతా రోజుల్లో రాళ్లు విసరని ఊరి పిల్లలు.

సంస్థల సంగతి చూద్దాం. పెన్న డెల్టాలో రైతుకు ఒక గొంతు ఉంది. 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. 2024 డిసెంబర్‌లో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. కాలువకు పూడిక తీయాలన్నా, లస్కరు రాలేదన్నా, తూము చెడిందన్నా ఆయకట్టు రైతు వెళ్లి అడగడానికి ఎన్నికైన అధ్యక్షుడు ఉన్నాడు. ఆ సంఘాలన్నీ సవ్యంగా నడుస్తున్నాయని నేననను. కొన్నిచోట్ల అవి కాంట్రాక్టు సంఘాలుగా మారిన మాటా నిజమే. అయినా అడిగే చోటంటూ ఒకటుంది. ఏటి నీళ్లు తాగే, ఏటి ఒడ్డున నడిచే, ఏట్లో చేపలు పట్టే, రేవులో బట్టలు ఉతికే మనిషికి అదీ లేదు. ఇసుక గనుల శాఖది, నీళ్లు జలవనరుల శాఖవి, ఒడ్డు రెవెన్యూది, మురుగు కార్పొరేషన్‌ది, ముఖద్వారం దగ్గర అడవి అటవీ శాఖది. ఇన్ని శాఖల మధ్య ఏరు ఎవరిదీ కాకుండా పోయింది.

కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ, పంచాయతీ అయినా కార్పొరేషన్ అయినా, జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ ప్రాంతపు చెట్టూ పుట్టా, చేపా పక్షీ నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఒత్తిడి మీద వీటిలో చాలావరకు కాగితం మీద ఏర్పడ్డాయి. పెన్న ఒడ్డున ఉన్న పంచాయతీల, నగర కార్పొరేషన్ కమిటీలను ఒక తాటి మీదికి తెచ్చి, వాటిలో జాలర్లకు, చాకిరేవు వాళ్లకు, పొర్లుకట్ట కాలనీల ఆడవాళ్లకు, ఉదయపు నడక మిత్రులకు చోటిస్తే, జొన్నవాడ నుంచి సముద్రం దాకా ఒక ఏటి సంఘం తయారవుతుంది. స్థానిక పూనిక ఏం చేయగలదో చెప్పాలంటే, ఉపాధి హామీ కూలి దినాలు వాడుకుని కేరళలో 2017లో బుధనూరు పంచాయతీ వాళ్లు గుర్రపుడెక్కతో పూడిపోయిన కుట్టెంపేరూరు నదిని తిరిగి పారించారు. వందల మంది, ఎక్కువగా ఆడవాళ్లు, వారాల తరబడి నీళ్లలో దిగి చేసిన పని అది. మన దగ్గర చిల్లచెట్ల తొలగింపుకు అదే దారి పనికొస్తుంది, ఏటా చేయగలిగితేనే. చిల్లచెట్టు ఒకసారి కొడితే పోయే రకం కాదు.

నగరం దాటిన పెన్న గురించి ఎవరూ మాట్లాడరు. షికారు చేసేవాళ్లు తిన్నగా మైపాడు బీచ్‌కు పోతారు. దారిలో ఇందుకూరుపేట, పల్లిపాడు, అక్కడి నుంచి ఊటుకూరు వైపు ఏరు సముద్రాన్ని కలిసే చోటు, మధ్యలో బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు ఉప్పూ కట్టెలూ మోసిన ఆ కాలువను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. మన తీరంలో పడవ మాత్రం మళ్లీ కదల్లేదు. ఏటికీ కాలువకూ సముద్రానికీ మధ్యనున్న ఈ నేల మీద ఇప్పుడు రొయ్యల గుంటలే ఎక్కువ. 1996లో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద ఇచ్చిన తీర్పు, 2005లో వచ్చిన తీర ఆక్వాసాగు చట్టం ఉన్నా గుంటల్లోని వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో ఊరివాళ్లకు తెలుసు. పైన బరాజ్ నీళ్లు ఆపి, మధ్యలో ఇసుక పోయి, కింద నుంచి ఉప్పునీరు పైకి ఎగదన్నితే మొదట చెడేది ఈ ఊళ్ల బావులే. శీతాకాలం నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కే తీరం కూడా ఇదే. పెన్న ఒడ్డు షికారు దారి అంటూ ఏదైనా రూపుదిద్దుకుంటే అది నగరంలో రెండు కిలోమీటర్ల టైల్స్ దగ్గర ఆగకూడదు. పొర్లుకట్ట మీద మట్టిబాట సైకిల్‌కు సరిపోతుంది. నెల్లూరు నుంచి పల్లిపాడు ఆశ్రమం దాకా, అక్కడి నుంచి సముద్రం దాకా సైకిల్ తొక్కుకుంటూ పోయే వీలు కల్పించడానికి కావాల్సింది కంకర, నీడనిచ్చే చెట్లు, మంచినీటి కుండ పెట్టే ఊరివాళ్లు.

కార్పొరేషన్‌ను అడగాల్సిన వాటికీ ఒక వరస ఉంది. శుద్ధి కాని మురుగు రేవులోకి రావడం ఆగాలి. ఆగే దాకా రెయిలింగుల మీద, విగ్రహాల మీద, రంగుల లైట్ల మీద ఒక్క రూపాయి పెట్టినా అది దండగే. తర్వాత హద్దురాళ్లు, ఇసుక నిషేధ భాగాలు, మెట్లు. బోటింగ్ చివరన రావాల్సిన మాట, అదీ నీళ్లు నిలిచే నెలల్లో మాత్రమే. పొర్లుకట్ట కాలనీల వాళ్లను ఖాళీ చేయించి వాళ్ల స్థలంలో పార్కు వేస్తామంటే ఆ పార్కుకు కాపలాదారు జీతం పెట్టుకోవాల్సిందే. వాళ్లు ఉంటే ఆ ఖర్చు లేదు.

ఈ వ్యాసం చదివినవాళ్లు చేయగలిగింది ఒకటి ఉంది. నెల్లూరు కార్పొరేషన్ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సభ్యులెవరు, అది చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, రిజిస్టరులో పెన్న గురించి ఏం రాశారు అని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం కింద దానికి రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు.